కాపరి మాట: ఎవరి బిడ్డ ఈ బిడ్డ?

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 2:1–15, సంఖ్యాకాండము 12:1–15, నెహెమ్యా 1:4–7



కొన్ని వారముల క్రితము ఆదివార ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయిన తరువాత మా సంఘములోని ఒక దంపతులు గుడిలోనే ఆగిపోయారు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. పిల్లలు లేరు. వారితో పాటు భర్తగారి తల్లి కూడా ఉన్నది. “అయ్యగారూ, ఒక బిడ్డను దత్తత తీసుకుందామనుకుంటున్నాము, ప్రార్థన చేయండి” అన్నది కోడలు. నాకు చాలా సంతోషమైనది. ప్రార్థనకు తల వంచబోతుంటే ఆ పెద్దావిడ అడ్డుపడింది.

“ప్రార్థన సరే అయ్యగారూ, అది ఎవరి బిడ్డో ఏమిటో తెలియకుండా ఎట్లా? ఏ కులమో, ఏ రంగో. రేపు పది మందిలో మన బిడ్డ అని చెప్పుకోవద్దా?”

ఆవిడ చెడ్డ మనిషి కాదు. ప్రతి వారము పిడికెడు బియ్యము తప్పక తెచ్చే తల్లి. మనలో చాలామంది మనసులో దాచుకొనే ప్రశ్నను ఆవిడ పైకి అడిగింది, అంతే. ఆ రోజు నేను ప్రార్థన చేసి పంపించాను గాని జవాబు చెప్పలేదు. ఈ నెల ఆ జవాబు రాయాలని కూర్చున్నాను. ఇందుకు మిమ్మును అమెరికా దేశము వరకు తీసుకువెళ్ళాలి. ఎందుకంటే “ఎవరి బిడ్డ ఈ బిడ్డ?” అనే ప్రశ్నను అక్కడి క్రైస్తవులు మూడు వందల యాభై ఏళ్ళకు పైగా అడుగుతూనే వచ్చారు. దాని ఫలితము చరిత్రలో రాసి ఉన్నది.

రంగు చూసి కాదన్న బిడ్డలు

వర్జీనియా ఇంగ్లీషువారి వలసగా ఉన్న రోజులలో, 1662లో, అక్కడి శాసనసభ ఒక చట్టము చేసింది. పుట్టిన బిడ్డ తల్లి స్థితినే పొందుతుంది అని దాని సారాంశము. తల్లి బానిస అయితే బిడ్డ బానిస. తండ్రి ఎవరైనా సరే. అంటే తెల్ల యజమాని తన దగ్గరున్న బానిస స్త్రీకి బిడ్డను కంటే, ఆ బిడ్డ అతనికి కొడుకు కాడు, ఆస్తి. పశువుల లెక్కలో ఒకటి పెరిగినట్టు. 1667లో మరొక చట్టము వచ్చింది. బాప్తిస్మము పొందినంత మాత్రాన బానిసకు విడుదల రాదని అందులో తేల్చారు. దేవుని ఇంట కుమారుడైనవాడు మనుష్యుల ఇంట బానిసగానే ఉండవచ్చునని ఆదివారము తప్పక గుడికి వెళ్ళే మనుష్యులే రాసుకున్నారు.

దానికి వాక్యమును కూడా వాడుకున్నారు. ఆదికాండము తొమ్మిదవ అధ్యాయములో నోవహు పలికిన శాపమును చూపించి, నల్లవారు హాము సంతతి గనుక దాసులుగా ఉండవలసినదే అని బోధించారు. ప్రియులారా, బైబిలు తెరచి చూడండి. శాపము పలికినది కనానును గూర్చి. ఒంటి రంగును గూర్చి అక్కడ ఒక్క మాట లేదు. లేనిదానిని కలిపి చదివి, తరతరముల బిడ్డలను తల్లుల ఒడిలోనుండి లాగి సంతలో అమ్మారు.

మనకు సువార్త పంపిన ఇంట్లో జరిగిన తగవు

“అది వాళ్ళ సంగతి, మనకేమి?” అంటారేమో. కాదు. ఇది మన చరిత్రకు ఆనుకొని ఉన్న పేజీయే.

బర్మాలో అదోనిరామ్ జడ్సన్ గారి సేవకు ఆదరువుగా అమెరికా బాప్తిస్టులు 1814లో ఉత్తరమువారు, దక్షిణమువారు కలిసి ఒక సమాజముగా ఏర్పడ్డారు. మన తెలుగువారికి 1835లో శామ్యూల్ డే గారిని పంపినది ఆ సమాజమే. ఆయన 1840లో నెల్లూరు చేరారు. ఆయన నెల్లూరులో పాటుపడుతున్న ఆ రోజులలోనే ఆయనను పంపిన ఇల్లు రెండుగా చీలింది. ఎందుకో తెలుసా? బానిసలున్నవాడు మిషనరీ కావచ్చునా అనే ప్రశ్న మీద. 1844లో అలబామా బాప్తిస్టులు ఈ సంగతి సూటిగా అడిగారు. బానిసలను ఉంచుకుంటానని పట్టుబట్టేవానిని పంపలేము అని మిషను బోర్డువారు జవాబిచ్చారు. 1845 మే నెలలో జార్జియా రాష్ట్రములోని అగస్టా పట్టణములో దక్షిణాదివారు విడిపోయి సదరన్ బాప్తిస్టు కన్వెన్షన్ పెట్టుకున్నారు. తెలుగు మిషను ఉత్తరాదివారి చేతిలో మిగిలింది.

ఒక్క క్షణము ఆలోచించండి. మనుష్యులను కొని అమ్మేవాడు మన దేశమునకు వచ్చి “దేవుడు పక్షపాతి కాడు” అని బోధించవచ్చునా అన్నదే ఆ తగవు. 1866లో ఒంగోలు వచ్చిన క్లౌ దొరగారికి కూడా ఇటువంటి పరీక్షే ఎదురైనది. మాదిగలను చేర్చుకుంటే పై కులములవారు దూరమవుతారని తెలిసింది. ఆయన, దొరసానిగారు వేరువేరుగా వాక్యము తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయము, లోకము నీచులన్నవారిని దేవుడు ఏర్పరచుకొనే ఆ భాగమే వచ్చిందని చెప్పుకుంటారు. వారు తలుపు మూయలేదు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనలో బాప్తిస్టులమైనా, లూథరనులమైనా, సి.ఎస్.ఐ. వారమైనా, ఆ రోజు తలుపు మూసి ఉంటే మనలో ఎందరి తాత ముత్తాతలు బయట నిలబడేవారో!

గుమ్మము దగ్గర ఆగిన తల్లీకూతుళ్ళు

అమెరికాలో బానిసత్వము 1865లో చట్టరీత్యా పోయింది. మనసులలోనుండి పోలేదు. నల్లవారు వేరే సంఘములు కట్టుకున్నారు. 1963 సెప్టెంబరు 15, ఆదివారము ఉదయము, బర్మింగ్‌హామ్ పట్టణములో అటువంటి ఒక బాప్తిస్టు గుడిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు.

ఏడేళ్ళ తరువాత అదే పట్టణములో జరిగిన మరొక సంగతి నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెట్టింది. అక్కడి తెల్లవారి ఫస్ట్ బాప్తిస్టు సంఘము పేద పిల్లలకు చదువు చెప్పే సేవ నడుపుతున్నది. ఆ సేవలో చదువుకుంటున్న ఒక నల్లజాతి బాలిక, ఆమె తల్లి, 1970లో ఆ సంఘములో సభ్యులుగా చేరడానికి ముందుకు వచ్చారు. సంఘము ఒప్పుకోలేదు. పిల్లకు పలక బలపము ఇవ్వడానికి అభ్యంతరము లేదు, పక్కన కూర్చోబెట్టుకోవడానికే అభ్యంతరము! సంఘ కాపరి రాజీనామా చేశాడు. రెండు వందల మందికి పైగా విశ్వాసులు ఆయనతో బయటికి వచ్చి వేరే సంఘము పెట్టుకున్నారు. దానము చేయడము వేరు, చోటివ్వడము వేరు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి.

ప్రేమతో తెచ్చుకున్నారు, అయినా...

అదే కాలములో మరొక వైపు కొందరు తెల్లజాతి క్రైస్తవులు వేరే జాతి బిడ్డలను తమ ఇళ్ళకు తెచ్చుకోవడము మొదలుపెట్టారు. ఒరెగాన్ రాష్ట్రములో హ్యారీ హోల్ట్ అనే రైతు, ఆయన భార్య బెర్తా, కొరియా యుద్ధములో అనాథలైన పిల్లల చిత్రము చూసి చలించిపోయారు. వారికి అప్పటికే ఆరుగురు పిల్లలు. ఇంకా ఎనిమిది మందిని తెచ్చుకోవాలనుకున్నారు. చట్టము ఇద్దరినే ఒప్పుకుంటుంది. 1955లో అమెరికా పార్లమెంటు వారి కోసము ప్రత్యేక చట్టము చేసింది. ఆ ఏడు అక్టోబరులో ఆయన పిల్లలను విమానములో తీసుకువచ్చాడు.

దేశము లోపల మాత్రము అడ్డులు పోలేదు. లూసియానా రాష్ట్రములో ఒక జాతివారు మరొక జాతి బిడ్డను దత్తత చేసుకోకూడదనే చట్టమును కోర్టు 1972లో గాని కొట్టివేయలేదు. అదే 1972లో నల్లజాతి సామాజిక కార్యకర్తల జాతీయ సంఘము కూడా ఈ దత్తతలు వద్దన్నది, అయితే వేరే కారణముతో. మా పిల్లలు రేపు ఈ సమాజములో అవమానము ఎదుర్కొంటారు, దానిని తట్టుకొని నిలబడడము ఎట్లాగో మా ఇళ్ళలోనే నేర్చుకోగలరు, పిల్లలను పెంచుకోవడానికి నల్లజాతి కుటుంబములను ఎందుకు వెదకరు, అని వారి బాధ. ఈ మాట కటువుగా వినిపించవచ్చు. మూడు వందల ఏళ్ళుగా బిడ్డలను పోగొట్టుకున్న జనుల నోటినుండి వచ్చిన మాట అది. చివరకు 1994లో, మరల 1996లో చేసిన చట్టముల వలన జాతి కారణముగా దత్తతను ఆలస్యము చేయడము, కాదనడము నిషేధమైనది. బిడ్డల జాతివారిలోనుండి కూడా పెంచేవారిని శ్రద్ధగా వెదకాలని 1994 చట్టము చెప్పింది.

సదరన్ బాప్తిస్టులు పుట్టిన నూట యాభై ఏళ్ళకు, 1995 జూన్‌లో అట్లాంటాలో కూడి, తమ పుట్టుకలో బానిసత్వమునకున్న పాత్రను ఒప్పుకొని, నల్లజాతి సహోదరులను క్షమాపణ అడిగారు. 2009లో దత్తతను, అనాథల సంరక్షణను ప్రోత్సహిస్తూ తీర్మానము చేశారు. 2012లో లూసియానాలోని న్యూ ఆర్లీన్స్ నగరములో, ఆ పట్టణపు నల్లజాతి కాపరి ఫ్రెడ్ లూటర్ గారిని తమ అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. వారి పెద్ద వేదాంత కళాశాల 2018లో తన చరిత్రను తానే పరిశోధించి, తనను స్థాపించిన నలుగురికీ బానిసలున్నారనీ, నలుగురికీ కలిపి యాభై మందికి పైగా ఉన్నారనీ ప్రకటించింది. సొంత తండ్రుల తప్పును సొంత చేతితో రాయడము చిన్న సంగతి కాదు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. సొంత రక్తమును రంగు చూసి కాదన్న సమాజములోనే, మనుమల మనుమలు తమ రక్తము కాని బిడ్డను “మా బిడ్డ” అంటున్నారు. ఇది కృపయే. కాని ఆ బిడ్డ ఆదివారము గుడికి వెళ్తే అక్కడ తనలాంటి ముఖము ఒక్కటీ లేకపోతే? గోడ మీద పటములో యేసు ప్రభువుకు నీలి కళ్ళు ఉంటే? తల్లికి తన ఉంగరాల జుట్టు దువ్వడము కూడా తెలియకపోతే? బల్ల దగ్గర తాతగారు నల్లవారిని గూర్చి ఎగతాళి చేసి, “నిన్ను కాదమ్మా, నువ్వు మా పిల్లవు” అంటే? ఆ బిడ్డ ఏమని నవ్వాలి?

మోషేకు ఇద్దరు తల్లులు

దేవుని వాక్యములో ఒక జాతి బిడ్డను వేరొక జాతివారు పెంచిన కథ మోషేది. జమ్ము పెట్టెలో ఏడుస్తున్న బిడ్డను చూసి ఫరో కుమార్తె జాలిపడింది. హెబ్రీ బిడ్డ అని తెలిసే ఎత్తుకున్నది. కాని ఆ బిడ్డను నీటిపాలు చేయమన్న ఆజ్ఞ ఎవరిది? ఆమె తండ్రిదే. దయ చూపినది కుమార్తె, చట్టము చేసినది తండ్రి, ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఒక్క బిడ్డను రక్షించినంత మాత్రాన ఆ ఇంటి పాపము తీరిపోలేదు. నది ఒడ్డున మిగిలిన బిడ్డల తల్లులు ఇంకా ఏడుస్తూనే ఉన్నారు.

ఫరో కుమార్తె చేసిన మరొక మంచిపనిని మనము గమనించము. బిడ్డ కన్నతల్లికే జీతమిచ్చి పాలిప్పించింది. అందుచేతనే మోషే తన జనులెవరో ఎరిగి పెరిగాడు. పెద్దవాడై వారి బరువులు చూడటానికి వెళ్ళాడు. తరువాత మిర్యాము, కూషు స్త్రీ నిమిత్తము మోషే మీద సణిగితే దేవుడు ఎంత కోపపడ్డాడో సంఖ్యాకాండములో చదువుతాము.

ఈ కథనుండి, ఆ దేశపు అనుభవము నుండి నేను నేర్చుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, బిడ్డను తీసుకునే ముందు తల్లిని చూడండి. పేదరికము వలననే ఒక తల్లి బిడ్డను వదులుకుంటుంటే, మొదటి సహాయము ఆ తల్లికి చేయాలి. కొరియానుండి దశాబ్దముల పాటు లక్షా నలభై వేల మందికి పైగా పిల్లలు విదేశములకు వెళ్ళారు. వారిలో తల్లిదండ్రులుండీ కాగితములలో అనాథలుగా రాయబడినవారున్నారని ఆ దేశపు సత్య విచారణ కమిషన్ 2025 మార్చిలో తేల్చింది. ఆ ఏడు అక్టోబరులో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. మంచి మనసు ఉంటే చాలదు, మార్గము కూడా న్యాయముగా ఉండాలి. మన దేశములో క్రైస్తవులకు ఒకప్పుడు 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులుగా ఉండే వీలు మాత్రమే ఉండేది. బాలల న్యాయ చట్టము వచ్చాక ఏ మతమువారైనా పూర్తి తల్లిదండ్రులు కావచ్చును. 2014లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్థిరపరచింది. కాబట్టి ఆస్పత్రి గుమ్మము దగ్గర ఎవరో డబ్బు అడిగి చేతిలో పెట్టే బిడ్డను తీసుకోవద్దు. జిల్లా బాలల సంరక్షణ అధికారుల దగ్గరకు వెళ్ళి పేరు నమోదు చేయించుకోండి.

రెండవది, బిడ్డ కథను బిడ్డకు దాచవద్దు. మనము దాచినది పొరుగువారు కోపములో చెబుతారు. ప్రేమతో ముందే మనము చెబితే అది బిడ్డకు కానుక.

మూడవది, బిడ్డను ముద్దాడి బిడ్డ జనులను చిన్నచూపు చూడవద్దు. నోట వచ్చే సామెతలలో, హాస్యములో, పెళ్ళి మాటలలో జాగ్రత్త.

నాలుగవది, సంఘము తన గతమును ఒప్పుకోవాలి. నెహెమ్యా తాను పుట్టకముందు జరిగిన పాపమును కూడా “మేము” అని ఒప్పుకున్నాడు. “వాళ్ళు” అనలేదు.

ఆ పెద్దావిడ అడిగిన రెండవ ప్రశ్న

ఇవన్నీ సిద్ధము చేసుకొని నేను ఆ ఇంటికి వెళ్ళాను. వర్జీనియా సంగతి, మోషే సంగతి చెప్పాను. పెద్దావిడ ఓపికగా విన్నది. విని, “మీరు చెప్పింది నిజమే అయ్యగారూ. తెచ్చుకుంటాము. మరి రేపు ఆ పిల్లను సంఘములో ఎవరైనా ఒక మాట అంటే మీరు అడ్డము నిలబడతారా? అది పెద్దదైతే మీ పెద్దలలో ఎవరైనా వాళ్ళ ఇంటికి కోడలిగా అడుగుతారా?” అన్నది.

నా దగ్గర జవాబు లేదు. మా తాలూకాలో ఒకే మిషను నాటిన సంఘములే పేటకొకటిగా ఉన్నాయి. ఒకే పాటల పుస్తకము, ఒకే విశ్వాస ప్రమాణము, రెండు గుడులు. నా చెల్లెలికి సంబంధము చూసినప్పుడు, వరుని మారుమనస్సు సాక్ష్యము కంటే ముందు నేను అడిగినది అతని ఇల్లు ఏ పేటలో అని. అమెరికావారి పాపమును ఇంత వివరముగా రాసిన ఈ చేతితో ఆ సంగతి కూడా రాయకపోతే ఈ వ్యాసము అబద్ధమవుతుంది.

మనలను దత్తపుత్రులుగా స్వీకరించినప్పుడు దేవుడు మన వంశము అడగలేదు. మనకు తన పేరు ఇచ్చాడు, తన బల్ల దగ్గర చోటు ఇచ్చాడు, తన కుమారునితోబాటు వారసత్వము ఇచ్చాడు. అటువంటి ఇంట్లో ఉండి మనము “ఎవరి బిడ్డ?” అని అడిగితే, ఆ ప్రశ్న ముందుగా మనకే తగులుతుంది.

నేను ఆవిడతో ఒక్కటే చెప్పాను: “అమ్మా, అడ్డము నిలబడతాను. రెండవదానికి మాత్రము సంఘమును అడిగి వచ్చి చెబుతాను.” వచ్చే నెల సంఘ కమిటీలో ఈ సంగతి పెడుతున్నాను. ఆ దంపతులు కాగితములు సిద్ధము చేసుకుంటున్నారు. బిడ్డ వచ్చేలోపు సిద్ధపడవలసినది ఉయ్యాల ఒక్కటే కాదు, మేము కూడా. మీ ప్రార్థనలో మమ్మును జ్ఞాపకము చేసుకోండి.

ప్రార్థన: తండ్రీ, ఏ యోగ్యత లేని మమ్మును నీ బిడ్డలుగా చేసుకున్నావు. మా పితరుల తప్పులను, మా తప్పులను మా నోటితో ఒప్పుకొనే ధైర్యమిమ్ము. నీవు పంపే ప్రతి బిడ్డకు మా ఇంట్లోను, మా గుడిలోను, మా బల్ల దగ్గరను చోటు ఉండేలా మమ్మును మార్చుము. యేసు నామమున అడుగుచున్నాము, తండ్రీ. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు:
1. ఫరో కుమార్తె చేసిన మేలు ఏది? ఆమె మార్చలేకపోయినది ఏది?
2. మన ఇంట్లో పిల్లల ముందు ఇతరుల కులమును, రంగును గూర్చి ఏ మాటలు మాట్లాడుతున్నాము?
3. మన సంఘములో దానము పొందుతూ, చోటు పొందనివారు ఎవరైనా ఉన్నారా?

ప్రభువు సేవలో,
మీ సహోదరుడు